ఎవరి చట్టం, ఎవరి ‘మనం’?

ఉర్దూలో ‘హమ్’ ఒక్కటే. ఎదుటి మనిషిని కలుపుకున్నా హమే, బయట నిలబెట్టినా హమే. తెలుగులో అట్లా కుదరదు. నోరు తెరవకముందే తేల్చుకోవాలి, ‘మేం’ అనాలా, ‘మనం’ అనాలా అని. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు నేర్చుకున్న మాలాంటి వాళ్లకు ఈ తేడా వ్యాకరణ పాఠంలో కాదు, బజార్లో తెలిసొస్తుంది. మన ఊరు, మన చెరువు, మన బడి అన్నంతసేపూ అందులో మేం ఉంటాం. పెళ్లి, విడాకులు, ఆస్తి మాట వచ్చేసరికి అదే నోరు ‘మీవాళ్లు నాలుగు చేసుకోవచ్చట గదా’ అంటుంది. అప్పటిదాకా ఉన్న మనం అక్కడితో సరి.

ఒక దేశానికి ఒకే పౌరచట్టం ఉండాలా అన్నది లాయర్లు, పార్టీలు, టీవీలు చర్చించీ చర్చించీ అరగదీసిన ప్రశ్న. మేం అడగదలచింది దానికి ముందున్న ప్రశ్న. ఇంకొకరి ఇంట్లో జరిగే అన్యాయాన్ని సరిదిద్దే హక్కు బయటివాళ్లకు ఎట్లా వస్తుంది? ఇంట్లోవాళ్లు సరిదిద్దకపోతే, ఆ అన్యాయం కింద నలిగే మనిషి ఎంతకాలం ఓపిక పట్టాలి?

చదువు కోసం చైనాకైనా పొమ్మని మా ఇళ్లలో పెద్దలు చెబుతుంటారు. అది హదీసా కాదా అన్నది ఉలమాలు తేల్చుకోవాల్సిన సంగతి. ఈసారి మాత్రం నిజంగానే చైనా దాకా పోయి రావాల్సిన పని ఉంది. ఎందుకంటే ఒకే చట్టం అన్న కలను అందరికంటే పెద్దఎత్తున నిజం చేసుకున్న దేశం అది. 2020 మే 28న అక్కడి జాతీయ ప్రజా కాంగ్రెస్ పౌరస్మృతిని ఆమోదించింది. అనుకూలంగా 2,879 ఓట్లు, వ్యతిరేకంగా 2, తటస్థంగా 5. ఏడు భాగాలు, 1,260 నిబంధనలు. 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. పెళ్లి చట్టం, వారసత్వ చట్టం, ఒప్పందాల చట్టం, ఆస్తి చట్టం అంటూ అంతకుముందు విడివిడిగా ఉన్నవన్నీ అందులో కలిసిపోయి రద్దయ్యాయి. కమ్యూనిస్టులు అధికారంలోకి వచ్చిన తొలి దశాబ్దం నుంచీ స్మృతి రాయాలని ప్రయత్నించి ఆగిపోయిన పని అది.

ముసాయిదాల మీద జనం అభిప్రాయాలు అడిగారు. నాలుగు లక్షల పాతికవేల మంది పది లక్షలకు పైగా సూచనలు పంపారని ప్రభుత్వమే చెప్పింది. అడిగారు గనక అది జనం చట్టం అయిపోయిందా? ఒకే లింగం వాళ్ల పెళ్లిళ్లను గుర్తించమని చాలా సూచనలు వచ్చాయని 2019లో వాళ్ల ప్రతినిధే ఒప్పుకున్నాడు. స్మృతిలో దాని జాడ లేదు. పరస్పర అంగీకారంతో విడిపోదామనుకునే దంపతులు దరఖాస్తు పెట్టాక 30 రోజులు ఆగాలన్న నిబంధన మీద ఆడవాళ్లు పెద్దఎత్తున నిరసన తెలిపారు. ఆ గడువులో మొగుడు మనసు మార్చుకుంటే దరఖాస్తు రద్దవుతుంది. తన్నులు తినే ఆడమనిషి కోర్టు మెట్లెక్కాల్సిందే. నిబంధన మాత్రం ఉండిపోయింది. వినడం వేరు, చెవిన పెట్టుకోవడం వేరు.

అయినా చైనా వాళ్లు చేసిన మంచిని కాదనలేం. 1950 మే 1న వాళ్లు తెచ్చిన పెళ్లి చట్టం ఉంపుడుగత్తెలను ఉంచుకోవడాన్ని, పసితనపు నిశ్చితార్థాలను, పెళ్లి పేరిట డబ్బు గుంజడాన్ని ఒక్క దెబ్బతో నిషేధించింది. విధవ మళ్లీ పెళ్లి చేసుకుంటే అడ్డుపడకూడదంది. ఆడదానికి విడాకులు అడిగే హక్కు ఇచ్చింది. అప్పటికి మన దేశంలో హిందూ కోడ్ బిల్లు పార్లమెంటులో నానుతూ ఉంది. మరుసటి ఏడాది అంబేడ్కర్ మంత్రి పదవికి రాజీనామా చేసి బయటికి రావాల్సి వచ్చింది. అయితే చైనాలో ఆ చట్టాన్ని పట్టుకుని విడాకులకు వచ్చిన ఆడవాళ్లలో వేలమంది చంపబడ్డారు, లేదా ప్రాణం తీసుకున్నారు. చంపింది మొగుళ్లూ అత్తగార్లూ. వాళ్లకు అండగా నిలిచినవాళ్లలో ఊరి కార్యకర్తలూ ఉన్నారు. ఇక పెళ్లికి పిల్ల తరఫువాళ్లకిచ్చే సొమ్ము సంగతి చెప్పనక్కర్లేదు. డబ్బై ఏళ్లు దాటాక కూడా దాన్ని ఎప్పుడు వెనక్కివ్వాలి అన్నదానిపై వాళ్ల సుప్రీంకోర్టు నియమాలు రాయాల్సి వచ్చింది. అవి 2024 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. మన దగ్గర వరకట్న నిషేధ చట్టం 1961 నుంచి ఉంది. దాని గతి మీకు తెలుసు.

చైనా స్మృతిలో మాకు బాగా నచ్చిన నిబంధన ఒకటుంది. పిల్లల్ని సాకి, ముసలివాళ్లకు సేవ చేసి, ఇంటిపని ఎక్కువ మోసిన మనిషి విడాకుల సమయంలో దానికి పరిహారం అడగవచ్చు. స్మృతి వచ్చిన కొత్తలోనే 2021లో బీజింగులో ఒక కోర్టు ఐదేళ్ల ఇంటి చాకిరీకి 50 వేల యువాన్లు ఇమ్మంది. ఐదేళ్లకు అంతేనా అని అక్కడి జనం కోప్పడ్డారు. కోప్పడాల్సిందే. కానీ ఇంటిపనికి లెక్క కట్టాలన్న మాట చట్టంలోకి రావడమే చిన్న సంగతి కాదు.

ఇప్పుడు అసలు మాటకు వద్దాం. ఆ స్మృతి మొదటి భాగం 2017 మార్చిలో పాసయ్యింది. మనిషి గౌరవం, పేరు, ఏకాంతం, శరీరం వీటి హక్కుల కోసం అందులో ఒక భాగమే కేటాయించారు. లోకమంతా మెచ్చుకున్న భాగం అది. సరిగ్గా అదే కాలంలో షింజియాంగ్‌లో ఉయిగుర్ ముస్లింలను లక్షల సంఖ్యలో శిబిరాల్లో బంధించారు. అవి వృత్తి శిక్షణ కేంద్రాలని ప్రభుత్వం అంది. 2022 ఆగస్టు 31న ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం, అక్కడ జరిగినవి మానవాళిపై నేరాలు కావచ్చునని నివేదిక ఇచ్చింది. చట్టం ఒక్కటే. పౌరుడి ఏకాంతం గురించి అంత అందంగా రాసిన చట్టం. ఆ చట్టం రాస్తున్న రోజుల్లోనే ఒక జాతి గడ్డాలను, నమాజును, పిల్లల పేర్లను లెక్కపెట్టారు. దీన్ని ఆ స్మృతి చేయించిందని మేం అనడం లేదు. ఆ స్మృతి దీన్ని ఆపలేదు, అంతే. అందరికీ ఒకే చట్టం ఉంటే అందరూ ఒకటవుతారని వాదించే మిత్రులు ఈ ఒక్క సంగతిని కాసేపు ఆలోచించాలి.

విచిత్రమేమిటంటే, అదే చైనా 1980 నాటి పెళ్లి చట్టంలో స్వయంపాలిత ప్రాంతాలకు స్థానిక ఆచారాన్ని బట్టి మార్పులు చేసుకునే వీలిచ్చింది. దేశమంతా మగవాడికి 22, ఆడపిల్లకు 20 ఏళ్ల వయసు పెడితే, షింజియాంగ్ రెండేళ్లు తగ్గించుకుంది. అంటే ఒకే చట్టం అన్నది అక్కడ కూడా ఎప్పుడూ పూర్తిగా ఒకటి కాదు. మన ఉత్తరాఖండ్ 2024 ఫిబ్రవరిలో ఉమ్మడి పౌరస్మృతి పాస్ చేసి, 2025 జనవరి 27 నుంచి అమలు చేస్తోంది. అందులో షెడ్యూల్డ్ తెగలకు మినహాయింపు ఉంది. వాళ్ల ఆచారాలను గౌరవించాలన్నారు. గౌరవించాల్సిందే. మరి ఆచారాన్ని గౌరవించడం ఒక చోట న్యాయం, ఇంకో చోట బుజ్జగింపు ఎట్లా అయ్యిందో కాస్త చెప్పండి.

1948 నవంబర్ 23న రాజ్యాంగసభలో ఈ అధికరణం చర్చకు వచ్చినప్పుడు ముస్లిం సభ్యులు అభ్యంతరం చెప్పారు. అంబేడ్కర్ జవాబులో రెండు ముక్కలున్నాయి. ముస్లింల చట్టం ఈ దేశంలో ఎప్పుడూ ఒకటిగా లేదన్నది మొదటి ముక్క. వాయవ్య సరిహద్దు రాష్ట్రంలో ముస్లింలు 1935 దాకా వారసత్వంలో హిందూ చట్టాన్నే పాటించారని, మలబారులో తల్లివైపు వారసత్వం ముస్లింలకూ ఉండేదని ఆయన గుర్తుచేశాడు. ఇష్టపడ్డవాళ్లకే ముందు వర్తించేటట్టు స్మృతిని మొదలుపెట్టొచ్చన్నది రెండో ముక్క. మొదటి ముక్కను మావాళ్లు దాచిపెడతారు, రెండో ముక్కను అవతలివాళ్లు దాచిపెడతారు.

ఇక సదాశివనగర్.

కామారెడ్డి నుంచి నిజామాబాద్ పోయే 44వ నెంబరు జాతీయ రహదారి మీద ఉంటుందీ మండలం. 2016 దాకా నిజామాబాద్ జిల్లా, ఇప్పుడు కామారెడ్డి జిల్లా. ఓటు వేసేది ఎల్లారెడ్డి నియోజకవర్గానికి. మక్క, చెరకు, వరి. మగవాళ్లు గల్ఫ్‌కు పోతారు, ఆడవాళ్లు బీడీలు చుడతారు. ఈ రెండు విషయాల్లో మతం తేడా లేదు. పద్మశాలి ఇంట్లోనూ ముస్లిం ఇంట్లోనూ ఒడిలో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. కార్ఖానాలో కట్టలు అప్పజెప్పే లైన్లో బురఖా వేసుకున్నామె, బొట్టు పెట్టుకున్నామె వెనకాముందు నిలబడతారు. ఛాట్ పోయిందని ఇద్దరినీ ఒకే తీరుగా తిడతారు. సెక్యులరిజం గురించి ఉపన్యాసాలు వినాలంటే హైదరాబాద్ పోవాలి గానీ, చూడాలంటే ఆ లైన్లో చూడొచ్చు.

ఆ లైన్లో నిలబడ్డ ముస్లిం ఆడమనిషికి ఏ చట్టం కావాలి? షరియత్ ఆమెకు మెహర్ ఇచ్చింది. నికాహ్‌నామాలో రాసిన ఆ మెహర్ ఎన్ని ఇళ్లలో చేతికి అందింది? ముట్టినట్టే లెక్క అని ‘మాఫ్’ చేయించుకుంటారు, చాలాచోట్ల మొగుడి మంచం పక్కనే. షరియత్‌లో లేని ‘జోడే కీ రఖమ్’ మాత్రం పెళ్లికి ముందే లెక్కపెట్టి తీసుకుంటారు. ఖురాన్ కూతురికి కొడుకు వాటాలో సగం రాసిచ్చింది. ఏడో శతాబ్దంలో అది విప్లవం. మా ఊళ్లలో ఆ సగం కూడా ఇవ్వరు. పెళ్లికి పెట్టాం గదా, జహేజ్ ఇచ్చాం గదా అంటారు. అడిగితే పుట్టింటి గడప మూసుకుపోతుందని ఆమె అడగదు. ‘శరియత్ ఖత్రే మే హై’ అని కేకలు వేసే మావాళ్లు ఈ వాటా గురించి ఏ జల్సాలోనైనా కేక వేయగా మేం వినలేదు. ఆడదాని పక్షం ఉన్న షరియత్ ఎప్పుడూ ఖత్రేలోనే ఉంది. దాన్ని అక్కడ పెట్టింది బయటివాళ్లు కాదు.

1937 షరియత్ చట్టమే చూడండి. స్థానిక ఆచారాలను తోసేసి ముస్లింలకు షరియత్‌ను వర్తింపజేయాలని తెచ్చిన చట్టం అది. ఆచారం కంటే షరియత్‌లో ఆడవాళ్లకు ఎక్కువ దక్కుతుందన్నది అప్పటి వాదన. నిజమే. కానీ వ్యవసాయ భూమిని మినహాయించారు. 1935 చట్టం కింద అది రాష్ట్రాల పద్దు అని సాంకేతిక కారణం ఉంది. ఆ కారణం భూస్వాములకు ఎంత కలిసొచ్చిందో వేరే చెప్పాలా? మద్రాసు రాష్ట్రం 1949లో ఆ మినహాయింపును తీసేసింది. దీని పక్కనే హిందువుల కథ పెట్టి చూడండి. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబర్ 5 నుంచి కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా వచ్చింది. దేశమంతా రావడానికి 2005 దాకా పట్టింది. నలభై ఏళ్లు గడిచాయి. మా మండలంలో ఎంతమంది హిందూ ఆడపడుచులు పట్టాదారు పాసుపుస్తకం మీద తమ పేరు ఎక్కించుకున్నారో లెక్క తీస్తే తెలుస్తుంది. చైనాలోనూ అంతే. అత్తగారింటికి పోయిన ఆడపిల్లకు పుట్టిన ఊళ్లో భూమి వాటా తీసేస్తారు, మెట్టిన ఊళ్లో ఇవ్వరు. పెళ్లి వల్ల గ్రామ సమష్టిలో సభ్యత్వం పోకూడదని చెప్పే చట్టం అక్కడ 2025 మే 1న గానీ అమల్లోకి రాలేదు. ఆడపిల్ల దగ్గరికి వచ్చేసరికి మార్క్స్, మనువు, మౌల్వీ ముగ్గురూ ఒకే కచేరీలో గుమాస్తాలు.

ఇట్లా అందర్నీ ఒకే గాటన కట్టేసి చేతులు దులుపుకోవడం తేలిక. మా పని మా ఇంటి సంగతి చెప్పడం.

1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం ఎట్లా వచ్చిందో మా కుర్రాళ్లకు చెప్పేవాళ్లు లేరు. హనఫీ పద్ధతిలో మొగుడు జాడ లేకుండాపోతే భార్య దాదాపు జీవితమంతా ఎదురుచూడాలి. ఆ చెర నుంచి బయటపడటానికి పంజాబ్‌లో కొందరు ఆడవాళ్లు మతమే వదిలేశారు. అది చూసి ఉలమాలు కదిలారు. మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ మాలికీ పద్ధతి నుంచి దారి వెతికి ఫత్వా రాశాడు. దాని మీద చట్టం వచ్చింది. నాలుగేళ్లు మొగుడి జాడ తెలియకపోయినా, రెండేళ్లు ఖర్చులు ఇవ్వకపోయినా భార్య కోర్టులో విడాకులు అడగవచ్చు. సౌదీకి పోయి ఫోన్ నంబరు మార్చుకున్న మొగుడున్న సదాశివనగర్ ఆడమనిషికి ఈ నాలుగేళ్లు, రెండేళ్లు అన్న లెక్కలు నేటికీ పనికొస్తాయి. షరియత్ మారదని చెప్పే పెద్దలు దీన్ని ఏమంటారు? మార్చింది థాన్వీ సాబే. ఎందుకు మార్చాడు? ఆడవాళ్లు గడప దాటారు గనక. వాళ్లు దాటకపోతే ఫత్వా వచ్చేదా?

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. షాబానోకు నెలకు 179 రూపాయల 20 పైసలు ఇమ్మని హైకోర్టు చెబితే, 1985 ఏప్రిల్ 23న సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. అంత చిన్న మొత్తం మీద దేశం దద్దరిల్లింది. 1973లో హైదరాబాద్‌లో ఏర్పడ్డ పర్సనల్ లా బోర్డు వీధుల్లోకి వచ్చింది, రాజీవ్ ప్రభుత్వం 1986లో కొత్త చట్టం చేసింది. దాన్ని బుజ్జగింపు అన్నవాళ్లు కొద్ది ఏళ్లలోనే అయోధ్య రథం ఎక్కారు. 2001లో సుప్రీంకోర్టు ఆ 1986 చట్టాన్నే చదివి, ఇద్దత్ గడువులోగా ఆమె మిగతా జీవితానికంతా సరిపడా ఏర్పాటు చేయాలని అర్థం చెప్పింది. 2017 ఆగస్టు 22న ఒకేసారి మూడు తలాఖులను కొట్టేసింది. 2019లో పార్లమెంటు దాన్ని నేరం చేసి మూడేళ్ల జైలు పెట్టింది. జైల్లో ఉన్నవాడు ఖర్చులు ఎక్కడి నుంచి ఇస్తాడని అడిగితే జవాబు లేదు. ఏ తలాఖూ చెప్పకుండా భార్యను వదిలేసిపోయిన మిగతా మతాల మగవాళ్లకు ఆ చట్టంలో చోటు లేదు.

2024 జూలై 10 తీర్పు మన తెలంగాణ నుంచి వెళ్లిన కేసు మీదే వచ్చింది. కుటుంబ న్యాయస్థానం నెలకు 20 వేలు ఇమ్మంది, హైకోర్టు పదివేలకు తగ్గించింది. 1986 చట్టం ఉండగా మామూలు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ నాకు వర్తించదని ఆ మాజీ భర్త సుప్రీంకోర్టు దాకా పోయాడు. వర్తిస్తుందని న్యాయమూర్తులు నాగరత్న, మాసీ విడివిడిగా తీర్పులు రాసి ఒకే మాట చెప్పారు. ఆ సెక్షన్ అన్ని మతాల ఆడవాళ్లకూ ఉన్నది. ఉమ్మడి చట్టం కావాలనేవాళ్లూ వద్దనేవాళ్లూ గమనించని సంగతి ఇది. అన్నం దగ్గర ఉమ్మడి చట్టం ఎప్పట్నుంచో ఉంది. నాలుగు రోజులు తిరక్కముందే పర్సనల్ లా బోర్డు ఆ తీర్పు షరియత్‌కు విరుద్ధమని తీర్మానించింది. 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు, ఖులా కోరే భార్యకు మొగుడి ఒప్పుదల అక్కర్లేదని చెప్పింది.

ఇక్కడ మా సెక్యులర్ మిత్రులు ఒక ప్రశ్న వేస్తారు. ముస్లిం అక్కచెల్లెళ్ల మీద ప్రేమ ఉన్నట్టు మాట్లాడే ప్రభుత్వం, అదే అక్కచెల్లెళ్ల ఇళ్ల మీదికి బుల్డోజర్లు వస్తుంటే నోరు మెదపదు గదా, దాని చట్టాన్ని మీరెట్లా ఒప్పుకుంటారు అని. ప్రశ్న నిజాయితీగా ఉంది. మా జవాబు కూడా అట్లాగే ఉండాలి. హక్కు ఇచ్చినవాడి మనసు మంచిది కాకపోయినంత మాత్రాన, పుచ్చుకున్న మనిషి చేతిలో ఆ హక్కు మైల పడదు. దప్పికైన మనిషి ముందు బావి తవ్వించినవాడి చరిత్ర చదవక్కర్లేదు. అట్లాగని బావి తవ్వించినవాడికి దండం పెట్టాల్సిన పనీ లేదు. ఈ రెండింటినీ కలిపి చూడటం నుంచే మన దగ్గర సగం గొడవ పుడుతోంది. ఇచ్చాం గనక కృతజ్ఞత చూపమంటారు వాళ్లు. వాళ్లిచ్చారు గనక వద్దనమంటారు మావాళ్లు. ఆమెను ఇద్దరూ అడగలేదు.

ముందు కౌమ్ బతకాలి, తర్వాత ఇంటి సంగతి చూసుకుందాం అనేది మా దగ్గర బాగా చెల్లే వాదన. భయం ఉత్తది కాదు. చుట్టూ నిప్పు పెట్టినప్పుడు ఇల్లు ఊడవమంటే ఎవరికైనా కోపమొస్తుంది. కానీ ఈ మాట మేం ఎక్కడో విన్నాం. ముందు విప్లవం రానీ, కులం సంగతి తర్వాత అని ఎర్రజెండా అన్నలు దళితులకు చెప్పేవాళ్లు. ఆడవాళ్లకూ అదే చెప్పేవాళ్లు. 1990ల్లో దళితులు, స్త్రీవాదులు ఆ ‘తర్వాత’ను ఒప్పుకోమన్నారు. వాళ్ల వెనకే మేమూ వచ్చి, మీ సెక్యులరిజంలో మా బతుకు లేదని వాళ్లకూ వీళ్లకూ చెప్పాం. దూదేకులోళ్లు, కసాయోళ్లు, ఫకీర్లు లేచి, మీ ‘ముస్లిం’లో మేం ఏరి అని అష్రాఫ్‌లను అడిగారు. అడిగే వరస అక్కడ ఆగుతుందని ఎట్లా అనుకున్నాం? ఇప్పుడు బీడీల చాట ముందు కూర్చున్నామె అడుగుతోంది, మీ ‘మేం’లో నేను ఉన్నానా అని. ఈ వ్యాసంలో ఎన్నిసార్లు మేం అన్నామో లెక్కపెట్టుకుంటే, అందులో ఆమె ఎన్నిసార్లు ఉందో మాకే సందేహం వస్తోంది.

మండలంలో ఇప్పటి పరిస్థితి ఇది. తగాదా ముందు మస్జిద్ కమిటీ దగ్గరికి పోతుంది. కమిటీలో ఆడమనిషి ఉండదు. 2005లో బోర్డు నమూనా నికాహ్‌నామా ఒకటి తయారు చేసింది. దాన్ని చదివి వినిపించి పెళ్లి చేసే ఖాజీ ఈ చుట్టుపక్కల ఉంటే మేం కలవాలనుకుంటున్నాం. ఖర్చుల కేసు వెయ్యాలంటే కామారెడ్డి పోవాలి. వాయిదాకు పోయిన రోజు బీడీలు ఉండవు, బస్సు తిప్పలు, వకీలు ఫీజు అదనం. తీర్పు వచ్చినా మొగుడు దుబాయిలో ఉంటే ఆ కాగితం శంషాబాద్ విమానాశ్రయం దాటి పోలేదు. అయినా పోతున్నారు. కొందరు తల్లుల్ని వెంటబెట్టుకుని, కొందరు ఇంట్లో చెప్పకుండా, కార్ఖానాలో పక్కన నిలబడే హిందూ ఆమెను తోడు తీసుకుని పోతున్నారు. ఆమె కేసు కూడా అదే కోర్టులో ఉంది, అదే సెక్షన్ కింద.